నాలుగు పొట్లాలు, రెండు రిపోర్టులు

ముందు ఫ్యాను ఆపమన్నారు. 2022 మే నెల, మిట్టమధ్యాహ్నం, మిరప ఘాటు నిండిన గది. లక్క కరిగించడానికి వెలిగించిన కొవ్వొత్తి గాలికి ఆరిపోతోందట. మా కారం నమూనా తీయడానికి వచ్చిన ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ గారు, ఆయన వెంట వచ్చిన అటెండరు, నేను ముగ్గురమూ చెమటలు తుడుచుకుంటూ, తుమ్ముతూ కూర్చున్నాం. బయట సరుకు ఎక్కించుకోవడానికి వ్యాను ఆగి ఉంది. "ఎంతసేపు పడుతుందండీ?" అని రెండుసార్లు అడిగాను. ఆ గంటలో ఏం జరుగుతోందో శ్రద్ధగా చూసి ఉంటే తర్వాతి ఎనిమిది నెలలు మరోలా గడిచేవి. నేను చూసింది వ్యాను వంక.

మాది కారం మిల్లు. నాన్నగారి తర్వాత నేనే నడుపుతున్నాను. గుంటూరు యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు కొని, తొడిమలు తీయించి, మర పట్టించి, పొట్లాలు కట్టి చుట్టుపక్కల దుకాణాలకు వేస్తాం. లైసెన్సు ఉంది. లైసెన్సు షరతు ప్రకారం ఆరు నెలలకొకసారి సరుకును ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తాం. ఆ సర్టిఫికెట్లలో ఒకదాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించాను కూడా. కుడివైపు పైమూలన ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తు, కింద నీలి సిరా సంతకం. వచ్చినవాళ్లకు దాన్ని చూపించడం నాకు సరదాగా ఉండేది.

ఆ రోజు ఆఫీసర్ గారు ఒక నోటీసు ఇచ్చారు. ఫారం 5ఎ. మీ దగ్గర నమూనా తీస్తున్నాను, దీన్ని విశ్లేషణకు పంపుతాను అని రాతపూర్వకంగా చెప్పే కాగితం. తీసిన కారానికి అమ్మకపు ధర లెక్కగట్టి చెల్లించి రసీదు తీసుకున్నారు. కారాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు పొడి డబ్బాల్లో పోశారు. ఒక్కోదానికి దళసరి కాగితం చుట్టి, అడుగు నుంచి పైదాకా వచ్చేలా ఒక చీటీ అంటించారు. ఆ చీటీ మీద డిజిగ్నేటెడ్ ఆఫీసర్, అంటే ఈయన పై అధికారి సంతకం, కోడ్ నంబరు ఉంటాయి. నన్ను సంతకం పెట్టమన్నారు. సగం చీటీ మీద, సగం చుట్టిన కాగితం మీద పడేలా పెట్టాలట. పురి తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టి, పైన ఒకటి, అడుగున ఒకటి, పక్కల రెండు, మొత్తం నాలుగు లక్క సీళ్లు వేశారు. ఇలా నాలుగు పొట్లాలు. ఎనిమిదిన్నర తరగతుల చదువున్న మా గుమస్తా కూడా విసుక్కున్నాడు, "ఇంత కారానికి ఇంత పెళ్లి హడావిడా" అని.

"నాలుగో భాగాన్ని మీరు కోరితే గుర్తింపు పొందిన వేరే ల్యాబుకు పంపుతాం మేడం, ఖర్చు మీదే. కావాలా?" అని ఆయన అడిగారు. అడిగారు, అబద్ధం చెప్పకూడదు. నేను గోడ మీది ఫ్రేము చూపించి, "మా సరుకు గురించి మాకు తెలుసు సార్, అక్కర్లేదు" అన్నాను.

ప్రభుత్వ ల్యాబులోని ఫుడ్ ఎనలిస్టు రిపోర్టు ముప్ఫై ఒకటో రోజున వచ్చింది. మా కారంలో రెండు తప్పులున్నాయని రాశారు. ఒకటి, ఆమ్లంలో కరగని బూడిద 1.3 శాతం మించకూడదు, మాది 1.8 ఉంది. దీనివల్ల సరుకు సబ్‌స్టాండర్డ్, అంటే నాణ్యత తక్కువ. రెండోది చదవగానే నా కాళ్లలో సత్తువ పోయింది. నూనెలో కరిగే కృత్రిమ రంగు ఉన్నట్లు కనిపించింది, కాబట్టి సరుకు అన్‌సేఫ్, తినడానికి సురక్షితం కాదు. సూడాన్ రంగుల గురించి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. వార్నిష్‌లకు, మైనానికి వేసే రంగులవి. పాతబడి వెలిసిన కారానికి ఎరుపు తెప్పించడానికి వాడే దొంగలు ఉన్నారు. నా మిల్లులో అలాంటి డబ్బా అడుగు పెట్టలేదు.

సబ్‌స్టాండర్డ్ అయితే 2006 నాటి ఆహార భద్రతా చట్టం 51వ సెక్షన్ కింద జరిమానాతో పోతుంది. 5 లక్షల వరకు వేయవచ్చు, కానీ జైలు లేదు. మా జిల్లాలో జాయింట్ కలెక్టర్ గారు విచారిస్తారు. అన్‌సేఫ్ అయితే 59వ సెక్షన్. ఎవరికీ హాని జరగకపోయినా అప్పటి చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ రిపోర్టు పరిశీలించి, జైలు శిక్ష పడే నేరమని భావిస్తే ప్రాసిక్యూషన్‌కు అనుమతి కోరుతూ ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు రాస్తారు. తర్వాత కోర్టు, ముద్దాయి, వాయిదాలు. ఒక్క వాక్యం తేడాతో నేను వ్యాపారినా, ముద్దాయినా అన్నది తేలుతుంది.

మా ఊళ్లో కల్తీ కేసులు చేసిన పెద్ద వకీలు గారున్నారు. 1954 నాటి పాత కల్తీ నిరోధక చట్టం రోజుల నుంచి చేస్తున్నారు. ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్‌ను గోడ మీంచి తీసి, గుడ్డలో చుట్టి ఆయన దగ్గరకు పట్టుకెళ్లాను. అందులో ఆమ్లంలో కరగని బూడిద 0.9 అని ఉంది. ఇదే నా కవచం అనుకున్నాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని అడుగున ఉన్న చిన్న అక్షరాల వరుస చదివి వినిపించారు. "ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి."

"ఈ నమూనా ఎవరు తీశారమ్మా?"

"నేనే."

"ఎక్కడి నుంచి?"

చెప్పడానికి సిగ్గుపడ్డాను. ల్యాబుకు పంపే కారాన్ని మేం ప్రత్యేకంగా తీసేవాళ్లం. తాలు కాయలు ఏరించి, రెండుసార్లు జల్లెడ పట్టించి, మంచి రంగున్న మిర్చితో పట్టిన పొడి. ల్యాబు తప్పు రాయలేదు. నేను ఎంచి పంపిన పొడి గురించి నిజమే రాసింది. పైగా అది ఫిబ్రవరిలో పట్టినది, ఇన్‌స్పెక్షన్‌లో దొరికింది మే నెల సరుకు. సూడాన్ రంగుల పరీక్ష ఆ సర్టిఫికెట్‌లో అసలు లేనే లేదు. నేను అడగలేదు, డబ్బు కట్టలేదు, వాళ్లు చేయలేదు.

"ఆ రోజు తీసిన పొడికి, ఈ కాగితానికి చుట్టరికం ఏమీ లేదమ్మా. గవర్నమెంటు రిపోర్టుకు ఆ చుట్టరికం కట్టింది నువ్వే, నీ సంతకంతో. సగం చీటీ మీద, సగం కాగితం మీద" అన్నారు. ఫ్రేమును మళ్లీ గుడ్డలో చుట్టి ఆయనే నా చేతికి ఇచ్చారు.

తర్వాత రిపోర్టును అటూ ఇటూ తిప్పి చూశారు. ఎనలిస్టు ఇచ్చిన కాగితంలో ఫలితం కంటే ముందు ఆయన చూసింది తేదీలు, సీళ్ల సంగతి. నమూనా ఏ రోజు అందింది, సీలు చెక్కుచెదరకుండా ఉందా, ఆఫీసర్ వేరే కవరులో పంపిన సీలు అచ్చుతో సరిపోయిందా, కోడ్ నంబరు ఒకటేనా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు కొంచెం నిరాశ కలిగింది, దాచను. సీలు విరిగిందని రాసి ఉంటే బాగుండునని మనసులో ఒక మూల కోరుకున్నాను. ఆయన కనిపెట్టినట్లున్నారు. "విరగకూడదనే కోరుకో. నువ్వు రంగు కలపలేదంటున్నావు కదా. అది తేల్చేది కూడా మిగిలిన ఆ పొట్లాలే" అన్నారు.

పద్నాలుగు రోజుల్లో ఇవ్వాల్సిన రిపోర్టు ముప్ఫై ఒక్క రోజులకు వచ్చిందన్నది నేను పట్టుకున్న పాయింటు. నెట్‌లో చదివి గొప్పగా చెప్పాను. ఆయన కాగితం మీద రాసుకున్నారు కానీ, ఆ గడువు దాటితే రిపోర్టు చెల్లదా, చెల్లుతుందా అన్నదానిపై హైకోర్టులు ఒకే మాట మీద లేవని, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దని చెప్పారు. "గడువు మీద గెలిస్తే ఊరు నిన్ను రంగు కలిపి తప్పించుకుందనే అంటుంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవడమే మంచిదైంది.

ఆ సాయంత్రం ఆయన రెండు పాత కేసులు చెప్పారు. మొదటిది ఢిల్లీ పెరుగు కేసు, 1967లో సుప్రీంకోర్టు తీర్పు. పాత చట్టంలో ముద్దాయి కోరితే రెండో నమూనాను సెంట్రల్ ఫుడ్ లేబొరేటరీకి పంపించుకునే హక్కు ఉండేది. ఆ సర్టిఫికెట్టే చివరి మాట. ఆ పెరుగు దుకాణదారుడి మీద కేసు వేయడంలో ఆలస్యం జరిగింది. అతను రెండో పరీక్ష కోరేసరికి పెరుగు కుళ్లిపోయింది, పరీక్షకు పనికిరాదని ల్యాబు రాసింది. తనను తాను కాపాడుకునే విలువైన హక్కు అతనికి దక్కకుండా పోయిందని, శిక్ష నిలవదని కోర్టు చెప్పింది. రెండోది అందరూ విన్నదే, 2015 నాటి మ్యాగీ నూడుల్స్ గొడవ. అప్పుడు బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేస్తూ, పరీక్షలు చేసిన ల్యాబులకు చట్టం కోరే గుర్తింపు లేదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకుంది. మూడు గుర్తింపు పొందిన ల్యాబులలో మళ్లీ పరీక్ష చేయించమంది. వాటిలో ఒకటి మన హైదరాబాద్‌లోదే. అంటే ల్యాబు అని బోర్డు ఉంటే చాలదు, ఏ పరీక్షకు దానికి గుర్తింపు ఉందో కూడా చూడాలి. మా ఫ్రేములోని సర్టిఫికెట్‌లోనూ కొన్ని పరీక్షల పక్కన నక్షత్రం గుర్తు ఉందని నేను ఇంటికొచ్చాక గమనించాను. అవి ఆ ల్యాబు గుర్తింపు పరిధిలో లేవట. అన్నేళ్లూ ఆ నక్షత్రాలు అలంకారం అనుకున్నాను.

కొత్త చట్టంలో దారి వేరు. ఎనలిస్టు రిపోర్టు నచ్చకపోతే 46వ సెక్షన్ కింద డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు చేసుకోవాలి. ఫారం 8. రిపోర్టు అందిన ముప్ఫై రోజుల్లోపు. ఆయన సరేనంటే తన దగ్గర భద్రపరిచిన భాగాన్ని రిఫరల్ ల్యాబుకు, అంటే చివరి మాట చెప్పే పై ల్యాబుకు పంపుతారు. సరేనంటే మాత్రమే. కాబట్టి "నాకు అన్యాయం జరిగింది" అని రాస్తే చాలదు, ఎందుకు మళ్లీ చూడాలో కారణం కావాలి. ఆ కారణం ఇచ్చింది మా బావగారు.

బావగారు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. రిపోర్టు చూసి మొదట నవ్వారు, బూడిద సంగతికి. పొడిని కొలిమిలాంటి పెట్టెలో 550 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మిరపకాయంతా పోయి బూడిద మిగులుతుంది. దాన్ని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగిస్తే మొక్కకు చెందిన లవణాలు కరిగిపోతాయి. కరగకుండా మిగిలేది ఇసుక. "రెండు గ్రాముల పొడి తీసుకుంటే నీకు ఇరవై ఆరు మిల్లీగ్రాముల ఇసుకకు అనుమతి ఉందమ్మాయ్. ఒక చిటికెలో చిటికెడు. నీ దాంట్లో ముప్ఫై ఆరు ఉంది" అన్నారు. ఆ లెక్క విన్నాక నేను వాదించలేదు. ఆ ఏడు కల్లాల్లో సరుకు పరదాల మీద కాక నేల మీదే ఆరిందని నాకు తెలుసు. యార్డులో కాయ పగలగొట్టి చూసినప్పుడు గోరు సందుల్లో మన్ను గరగరలాడింది. ధర తక్కువని కొన్నాను.

రంగు దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వడం మానేశారు. రిపోర్టులో పద్ధతి అన్న గడిలో పలుచని పొర క్రొమటోగ్రఫీ అని ఉంది. సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టి, ద్రావణి పైకి పాకుతుంటే ఏ రంగు ఎంత ఎత్తున ఆగిందో చూసే పద్ధతి. మంచిదే, చవక, మొదటి వడపోతకు పనికొస్తుంది. కానీ మిరపకాయకు తన సొంత ఎరుపు ఉంది, కాప్సాంథిన్ లాంటి కెరోటినాయిడ్లు. అవీ నూనెలో కరిగేవే. వాటిలో కొన్ని ఆ పలక మీద సూడాన్ చుక్కకు దగ్గరలోనే ఆగి కంటిని మోసం చేయగలవు. తేల్చి చెప్పాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మీద ఒక్కో రంగునూ వేరు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అణువు బరువు చూసి నిర్ధారించాలి. రిపోర్టులో నిర్ధారణ పరీక్ష ప్రస్తావన లేదు. ఏ సూడాన్, ఎంత పాళ్లలో అన్నదీ లేదు.

"అయితే బావగారూ, మీరే వచ్చి చెప్పండి" అన్నాను. వకీలు గారు ఒప్పుకోలేదు. బావగారు నమూనాను చూడలేదు, పరీక్షించలేదు, పైగా చుట్టం. ఆయన మాట మాకు దారి చూపడానికే, సాక్ష్యంగా నిలబెట్టడానికి కాదు. కాబట్టి బావగారి పేరు ఎక్కడా రాకుండా ఆయన చెప్పిన రసాయన శాస్త్రమంతా ఫారం 8లో ఒకటిన్నర పేజీలుగా మారింది. బూడిద గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయాలా అని అడిగితే వకీలు గారు, "ఇసుక నీదేనా, కాదా?" అన్నారు. నాదే. "నీది కానిదాని గురించే మాట్లాడు. అప్పుడు వింటారు."

అప్పీలు ఇరవై రెండో రోజున ఇచ్చాం. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ గారు మరో భాగాన్ని రిఫరల్ ల్యాబుకు పంపడానికి ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఎదురుచూపు. దుకాణాల వాళ్లు సరుకు తీసుకోవడం తగ్గించారు. పదేళ్లుగా మా కారమే అమ్మిన ఒకాయన ఫోను చేసి, ఇకపై ప్రతి బిల్లుతోపాటు ఫారం ఇ హామీ కాగితం ఇవ్వమన్నారు. సరుకు నిర్దేశించిన ప్రమాణాలకు తగ్గట్టు ఉందని తయారీదారు చేసే సంతకం అది. రేపు తన దుకాణంలో నమూనా తీస్తే ఆయన చేతిలో ఉండాల్సిన కాగితం. తప్పేమీ కాదు, ముందు నుంచీ ఇవ్వాల్సింది నేనే. అయినా ఆ రోజు అన్నం సయించలేదు. పోనీ నేను యార్డులో కమిషన్ వ్యాపారిని అలా అడగగలనా? కాయతో వచ్చిన ఇసుకకు హామీ ఎవరిస్తారు?

అక్టోబరులో రిఫరల్ ల్యాబు రిపోర్టు వచ్చింది. సీళ్లు చెక్కుచెదరలేదు. సూడాన్ 1, 2, 3, 4 ఏవీ కనిపించలేదు. ఆమ్లంలో కరగని బూడిద 1.6.

ఒకే రోజు, ఒకే గోతం నుంచి తీసిన పొడి ఒక చోట 1.8, మరో చోట 1.6. ల్యాబుల మీద కోపం రావాలి, కానీ బావగారు అడ్డుపడ్డారు. ఇసుక కారం కంటే బరువు, గోతంలో కిందికి దిగుతుంది, సమంగా పరుచుకోదు. నాలుగు భాగాలు చేసేముందు పొడిని బాగా కలిపారా అని అడిగారు. గుర్తులేదు. నేను వ్యాను వంక చూస్తున్నాను కదా. ఏదేమైనా రెండు అంకెలూ 1.3 పైనే ఉన్నాయి. పైగా రిఫరల్ ల్యాబు మాటే చివరిది, అది నా మెడకు రెండు వైపులా వర్తిస్తుంది. రంగు లేదన్న మాట తీసుకుని ఇసుక ఉందన్న మాట వదిలేయడానికి లేదు.

ప్రాసిక్యూషన్ ఆగిపోయింది. ఫైలు జాయింట్ కలెక్టర్ గారి కార్యాలయానికి వెళ్లింది. జనవరిలో విచారణ. నేను ఊహించుకున్న బోను, నల్లకోట్లు ఏమీ లేవు. పొడవాటి బల్ల, రెవెన్యూ ఫైళ్ల మధ్య మాది ఒకటి. మాకు ముందు పాల వ్యాపారి ఒకాయన, ఆయన ముందు నీళ్ల బాటిళ్ల వాళ్లు. జాయింట్ కలెక్టర్ గారు ఫైలు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ పొట్లం మీద సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఇసుక సంగతి?"

వకీలు గారు నన్నే చెప్పమన్నారు. నేల మీద ఆరిన సరుకు తెలిసే కొన్నానని, శుభ్రం చేసే యంత్రం లేదని, డిసెంబరులో రాళ్లు, మన్ను వేరు చేసే యంత్రం పెట్టానని చెప్పి బిల్లు, ఫోటోలు ఇచ్చాను. జరిమానా ఎంతో నిర్ణయించేటప్పుడు చూడాల్సినవి 49వ సెక్షన్‌లో ఉన్నాయి. తప్పువల్ల ఎంత లాభపడ్డాం, ఎవరికి ఎంత నష్టం, ఇది మొదటిసారా మళ్లీ మళ్లీ చేస్తున్నామా, తెలిసి జరిగిందా, తెలియకనా. "తెలిసే కొన్నాను" అన్న నా మాట దగ్గర వకీలు గారు ఒకసారి దగ్గారు. కానీ అప్పటికే అనేశాను. నలభై వేలు వేశారు. మెట్లు దిగుతూ ఆయన, "తెలియదని ఉంటే ముప్ఫై అయ్యేదేమో" అన్నారు. అయ్యేదేమో.

ఆ ఫ్రేము మళ్లీ గోడకెక్కలేదు. ఇప్పుడు ల్యాబుకు పంపే నమూనాను నేను ఎంచడం లేదు. ప్యాకింగ్ బల్ల మీద ఏ పొట్లం ముందుంటే అది గుమస్తా తీసి, ఆ రోజు తేదీ, బ్యాచి నంబరు రాసి పంపుతాడు. రెండుసార్లు ఫలితాలు నాకు నచ్చలేదు. ఆ బ్యాచిలు అమ్మకుండా మళ్లీ జల్లెడకు పంపాం.

2024లో ఆఫీసర్ గారు మళ్లీ వచ్చారు, ఈసారి వేరే ఆయన, కుర్రవాడు. నోటీసు చేతికివ్వగానే నేను కూర్చుని మొత్తం చదివాను. నాలుగో భాగాన్ని గుర్తింపు పొందిన ల్యాబుకు పంపమని రాసిచ్చాను. భాగాలు చేయబోతుంటే, "ముందు ఒకసారి పరచి బాగా కలపండి సార్" అన్నాను.

"మా మీద అనుమానమా మేడం?"

"ఇసుక మీదండీ."

ఆయన నవ్వి, శుభ్రమైన ప్లాస్టిక్ పట్ట అడిగి, పొడిని దాని మీద పోయించి నాలుగైదుసార్లు తిరగేయించారు. ఫ్యాను నేనే ఆపాను. వ్యాను ఆ రోజు కూడా బయట హారన్ కొడుతూనే ఉంది. నాలుగు పొట్లాలకూ లక్క ఆరేదాకా అక్కడే కూర్చుని, ఒక్కో సీలు మీది అక్షరాలు చదువుకున్నాను. రెండు రిపోర్టులూ ఒకే వారంలో వచ్చాయి. ఒకదాంట్లో 1.1, మరోదాంట్లో 1.0.